ముగ్గురు తల్లులు చాలరు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, ఇప్పుడు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. మా తెలుగు సంఘంలో ఆరాధన మొదలై డ్రమ్స్ మోగగానే చెవులు మూసుకుని అరుస్తాడు, బయటికి పరుగెత్తుతాడు. ఏడాదిగా నేను వాణ్ని తీసుకుని గుమ్మం బయట చెప్పుల దగ్గరే కూర్చుంటున్నాను. మావారు పాపతో లోపల ఉంటారు. సంఘంలో ఒక ఆంటీ "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, ఉపవాసం ఉండండి" అన్నారు. థెరపీ సెంటర్లో ఇద్దరు తెలుగు తల్లులు పరిచయమయ్యారు. ఒకామెది నెల్లూరు, క్యాథలిక్కులు. వాళ్ల పాపకు సెరిబ్రల్ పాల్సీ, ఫిట్స్ కూడా వస్తాయి. ఇంకొకామెది అనంతపురం, హిందువులు. వాళ్ల బాబుకు డౌన్ సిండ్రోమ్. ముగ్గురం కలిసి మాలాంటి కుటుంబాలకు ఒక క్రైస్తవ సహవాసం మొదలుపెట్టాలనుకుంటున్నాం. పాస్టర్ గారు చాలా సంతోషించి, హాలు తీసుకుని, బ్యానర్ కట్టి, పెద్ద ప్రారంభ కూడిక పెడదామన్నారు. మావారు మాత్రం "మన ఏడుపే మనకు చాలు" అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి? హిందూ కుటుంబాన్ని పిలవొచ్చా? స్వస్థత కోసం ప్రార్థన పెట్టాలా?
ఒక సహోదరి, బెంగళూరు

సమాధానం:

సహోదరీ, వందనాలు.

మీ ప్రశ్నల్లోకి వెళ్లేముందు ఆ ఆంటీ అన్న మాట సంగతి చూడాలి. అది మనసులో గుచ్చుకుని ఉండగా మీరు ఇంకో తల్లికి ధైర్యం చెప్పలేరు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు, పాపం చేసింది ఇతనా, ఇతని కన్నవాళ్లా అని. ప్రభువు రెండూ కాదన్నారు. ఆ ప్రశ్నను వాళ్లు ఆ మనిషి ఎదుటే అడిగినట్టుంది, చూడండి. అతనికి కళ్లు లేవు గాని చెవులున్నాయి. మీ బాబు ముందు కూడా జనం ఇలాగే మాట్లాడుతుంటారు, మాట రాదు కాబట్టి అర్థం కాదనుకుని. మాట రాని పిల్లల్లో చాలామందికి మనం అనుకునేదానికన్నా ఎక్కువే అర్థమవుతుంది. అందుకని మీ సహవాసంలో మొట్టమొదటి కట్టుబాటు ఇదే పెట్టుకోండి: పిల్లలు ఎదురుగా ఉండగా, వాళ్లు అక్కడ లేనట్టు వాళ్ల గురించి మాట్లాడకూడదు.

వైద్యం చెప్పేదీ అదే. ఆటిజం మెదడు ఎదిగే తీరులో తేడా, అందులో జన్యువుల పాత్ర ఎక్కువ. కదలికలు, కండరాల పట్టు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడుకు జరిగిన నష్టం వల్ల వస్తుంది. డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటమని 1959లోనే తేలింది. ఈ మూడింటిలో తల్లి చేసిన తప్పు ఎక్కడా లేదు. ఆంటీతో వాదన పెట్టుకోకండి. పాస్టర్ గారినే ఒక ఆదివారం ఆ తొమ్మిదో అధ్యాయం మీద వాక్యం చెప్పమని అడగండి. మీ నోటి నుంచి వస్తే బాధతో అన్న మాటగా పోతుంది. ప్రసంగ పీఠం మీద నుంచి వస్తే సంఘం మొత్తానికి బోధ అవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో "మాలాంటి కుటుంబాలకు" అన్నారు. ఆ మాట దగ్గరే నాకు కొంచెం భయం వేసింది. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొస్తారు. ఆ నలుగురూ నడవగలిగిన వాళ్లే, ఇంటి కప్పు ఎక్కి దాన్ని విప్పగలిగినంత ఓపిక ఉన్నవాళ్లు. మీరు కట్టాలనుకుంటున్న సహవాసంలో ఆ నలుగురి లాంటివాళ్లు ఎవరూ లేరు. ముగ్గురు తల్లులూ అలసిపోయి ఉన్నారు. ముగ్గురికీ రాత్రిళ్లు నిద్ర సరిగా ఉండదు, వారంలో సగం థెరపీకి తిరగడంతోనే సరిపోతుంది. తల్లిదండ్రులు మాత్రమే ఉండే గుంపుల్లో ఏం జరుగుతుందో చాలా చోట్ల చూశాను. మొదటి రెండు మూడు కూడికలు ఎంతో బాగుంటాయి, కడుపులో ఉన్నదంతా చెప్పుకుని ఏడుస్తారు, నేనొక్కదాన్నే కాదన్న ధైర్యం వస్తుంది. అది చిన్న మేలు కాదు. కానీ తర్వాత ఒక పిల్లకు జ్వరం, ఇంకొకరికి ట్రాఫిక్, మరొకరి బాబు ఆ రోజు ఇల్లు కదలనంటాడు. వచ్చిన ఇద్దరూ తమ పిల్లల వెనక పరుగెత్తుతూ ఒక్క మాటా మాట్లాడుకోలేకపోతారు. చివరికి అది వాట్సాప్ గ్రూపుగా మిగులుతుంది, అందులో పొద్దున్నే వాక్యం, డాక్టర్ల నంబర్లు తప్ప ఏమీ ఉండవు.

మీవారు "మన ఏడుపే మనకు చాలు" అన్నది ఇందుకే అయి ఉంటుంది. ఏడుపు పంచుకునే గుంపు మాత్రమే అయితే ఆయన మాట నిజమే.

కాబట్టి మొదటి రోజు నుంచీ, ఇంట్లో ఇలాంటి పిల్లలు లేని కుటుంబాలు మీతో ఉండాలి. ఇది నా సొంత ఊహ కాదు. ఫ్రాన్సులో ఒక దంపతులు తీవ్ర వైకల్యం ఉన్న తమ ఇద్దరు కొడుకులను తీసుకుని క్యాథలిక్కుల పుణ్యక్షేత్రమైన లూర్దుకు యాత్ర వెళ్లారు. హోటల్లో అందరితో కలిసి కూర్చోనివ్వక, వాళ్ల భోజనం గదికే పంపారు. ఆ అవమానం విన్నవాళ్లు 1971 ఈస్టరుకు అలాంటి కుటుంబాల కోసమే ఒక యాత్ర ఏర్పాటు చేస్తే, సుమారు 12,000 మంది వచ్చారు. దాన్నుంచి పుట్టిందే ఫెయిత్ అండ్ లైట్ అనే ఉద్యమం. క్యాథలిక్కుల మధ్య మొదలైనా తర్వాత ఇతర సంఘాలవాళ్లూ చేరారు. అందులో ప్రతి బృందం చిన్నదిగానే ఉంటుంది, నెలకోసారి కలుస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, స్నేహితులు, ముఖ్యంగా యువతీయువకులు, ఈ మూడు రకాలవాళ్లూ ఉంటేనే దాన్ని బృందం అంటారు. మీరు ఆ పేరు పెట్టుకోనక్కర్లేదు, ఆ పద్ధతి తీసుకోండి.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి హాలు, బ్యానర్ ఇప్పుడే వద్దని చెప్పండి. పెద్ద ప్రారంభ కూడికకు వచ్చేవాళ్లలో చాలామంది చూడటానికి వస్తారు, ఫొటోలు తీస్తారు. మీ బాబు ఆ జనాన్ని, ఆ మైకును తట్టుకోలేడు. దాని బదులు మూడు ఇళ్లను అడగండి, ఒక్కో బిడ్డకు ఒక్కో ఇల్లు. ఎవరు సరిపోతారో కూడా మీరే చెప్పండి. స్టేజీ మీద బాగా ప్రార్థించేవాళ్ల కన్నా టైముకు వచ్చేవాళ్లు, ఎక్కువ మాట్లాడకుండా నేల మీద కూర్చోగలిగినవాళ్లు కావాలి. బెంగళూరు తెలుగు సంఘాల్లో అలాంటివాళ్లు రెండు రకాలుగా ఉంటారు, ఎవరూ వాళ్లను ఏ పనికీ పిలవరు. ఒకరు, కొడుకుల దగ్గరో కూతుళ్ల దగ్గరో ఉండటానికి గుంటూరు నుంచో కడప నుంచో వచ్చిన రిటైరైన టీచర్లు, నర్సులు. అపార్టుమెంట్లో పగలంతా ఒంటరిగా ఉంటారు, కన్నడం రాదు, పిల్లలను పెంచిన అనుభవం కొండంత ఉంటుంది. రెండోవాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. మీ బాబు గేటు వైపు పరుగెత్తితే వాడితో సమానంగా పరుగెత్తగలిగేది వాళ్లే, పైగా శనివారం సాయంత్రం ఇంటి భోజనం దొరికే చోటు వాళ్లకూ కావాలి.

ఆ ఇంటివాళ్లు నేరుగా కూడికకు రాకూడదు, ముందు మీ ఇంటికి రావాలి. మొదటి నెల వారానికో గంట, మీరు ఎదురుగా ఉండగా బాబుతో కూర్చుంటారు. వాడు ఏం ఆడుకుంటే అదే ఆడతారు, వాడు ఆడనంటే ఊరికే పక్కన ఉంటారు. మీరు ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి: వాడికి ఏం ఇష్టం, ఏ చప్పుడు పడదు, కోపం వచ్చేముందు ముఖం ఎలా మారుతుంది, బాత్రూమ్ వస్తే ఎలా చెబుతాడు, తినకూడనివి ఏమిటి, ఏ మందు ఏ టైముకు. ఇది రాసేటప్పుడు మీకే తెలుస్తుంది, ఎనిమిదేళ్లలో మీరెంత నేర్చుకున్నారో, అదంతా మీ ఒక్కరి తలలోనే ఎలా ఉండిపోయిందో. రెండో నెల మీరు పక్క గదిలో పడుకోండి. మూడో నెల మీరూ మీవారూ రెండు గంటలు బయటికి వెళ్లండి. అలా మీ బాబును తల్లిదండ్రులు కాకుండా ఇంకో ఇద్దరు చూసుకోగలిగే రోజు వస్తే, మీ సహవాసం మొదలైనట్టే లెక్క. పేరూ కమిటీ తర్వాత చూసుకోవచ్చు.

కలిసే రోజు శనివారం సాయంత్రం అయితే మంచిది. ఆదివారం ఆరాధనతోనే పిల్లలు అలసిపోయి ఉంటారు. ఎవరిదో ఒకరి ఇల్లు, నేల అంతస్తుది చూసుకోండి. మన సంఘాలు చాలావరకు షాపుల పైన అద్దె హాళ్లలో ఉంటాయి, లిఫ్టు ఉండదు, నెల్లూరు వాళ్ల పాపను ఎవరో ఒకరు మెట్ల మీద ఎత్తుకు తీసుకెళ్లాలి. ఎత్తుకునే వయసు దాటాక ఆ పిల్ల సంఘానికి రావడమే మానేస్తుంది. ఇలా కనిపించకుండా పోయిన పెద్దపిల్లలు మన ప్రతి సంఘం వెనకా ఉన్నారు.

ఇంటిని ముందే ఒకసారి చూసుకోండి. గేటుకు లోపలి గడియ ఉందా, డాబా మీదికి తలుపు వేసి ఉందా, అన్నిటికన్నా ముఖ్యంగా సంపు మూత. బెంగళూరు ఇళ్లలో వాకిట్లోనే సంపు ఉంటుంది, టాంకర్ వచ్చినరోజు మూత తీసి మరిచిపోతారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, చెప్పకుండా వెళ్లిపోయే అలవాటు కూడా ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. కూడిక జరిగినంతసేపూ ఒక మనిషి గేటు దగ్గరే ఉండాలి, ఆ పని వంతులవారీగా రాసుకోవాలి.

కూడికలో ఏం చేయాలన్నది పెద్ద చిక్కు కాదు. ప్రతిసారీ అదే వరస ఉంటే చాలు: పాట, చిన్న ప్రార్థన, బైబిలు కథ, టిఫిన్, ఆట. వాటికి బొమ్మల కార్డులు గీసి గోడకు అంటించండి, అయిపోయినదాన్ని తీసేస్తూ ఉంటే తర్వాత ఏం వస్తుందో పిల్లలకు తెలుస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. కార్డు తీసే పని అనంతపురం బాబుకు ఇవ్వండి, ఇలాంటి పనులంటే వాడు సంబరపడవచ్చు. డప్పూ కీబోర్డూ వద్దు, గొంతుతో ఒకే కీర్తన చాలు, నెలల తరబడి అదే పాడండి. వాక్యం పది నిమిషాలు దాటనివ్వకండి. టిఫిన్ దగ్గర మాత్రం జాగ్రత్త. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరికి మింగడం కష్టం, ప్రేమకొద్దీ ఎవరో నోట్లో లడ్డూ పెడితే ఊపిరాడకపోవచ్చు. ఆ పాపకు ఏం పెట్టాలో, ఎలా కూర్చోబెట్టి పెట్టాలో వాళ్లమ్మ చూపించాకే ఇంకెవరైనా పెట్టాలి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్తాను. బెంగళూరులో మన పిల్లలకు థెరపీ ఇంగ్లీషులోనో కన్నడంలోనో జరుగుతుంది. "ఇంట్లో తెలుగు మానేయండి, పిల్లాడు గందరగోళపడతాడు" అని ఇంకా సలహా ఇచ్చేవాళ్లున్నారు. తల్లులు బిక్కుబిక్కుమంటూ వచ్చీరాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడతారు, నాయనమ్మకు మనవడితో మాటే లేకుండా పోతుంది. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో రెండో భాష వల్ల వాళ్ల మాట వెనకబడినట్టు తేలలేదు. మీరు బాబుతో ఒంగోలు తెలుగులోనే ముద్దుచేయండి. మీ సహవాసం తెలుగులో ఉండటం వాడికి మేలే.

ఇక ఆదివారం సంగతి. ఏడాదిగా మీరు చెప్పుల దగ్గర కూర్చున్నారంటే, ఏడాదిగా మీరు ఆరాధనలో లేరు. ప్రభువు బల్ల రోజున రొట్టె, ద్రాక్షారసం బయట మీ దగ్గరికి ఎవరైనా తెచ్చారా? తేకపోతే అది పెద్దలు ఆలోచించాల్సిన విషయం, ఈ ప్రశ్న వాళ్లను నేను అడిగానని చెప్పండి. మార్కు రెండో అధ్యాయంలో ఆ నలుగురికీ గుమ్మం దగ్గర అడ్డుపడింది శత్రువులు కాదు, వాక్యం వినడానికి వచ్చిన జనమే. ముందుగా మీరూ మీవారూ వంతులు వేసుకోండి, ఒక ఆదివారం ఆయన బయట, ఒక ఆదివారం మీరు. సౌండ్ చూసే తమ్ముణ్ని పిలిచి స్పీకర్ ఒకటి తగ్గించమనండి, చిన్న హాలుకు అంత చప్పుడు అవసరం లేదు, ముసలివాళ్లు కూడా సంతోషిస్తారు. చెవులకు పెట్టుకునే చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు కొని ఇంట్లో అలవాటు చేయండి. మొదట్లో పాటలు అయిపోయాక, నిశ్శబ్దంగా ఉండే బల్ల సమయానికి మాత్రం బాబును లోపలికి తీసుకురండి, తలుపు పక్క వరసలో. పది నిమిషాలు కూర్చుంటే చాలు. అరిస్తే అరవనివ్వండి. పసిపిల్ల ఏడిస్తే ఓర్చుకునే సంఘం ఎనిమిదేళ్ల పిల్లాడి అరుపునూ ఓర్చుకోవడం నేర్చుకోవాలి.

స్వస్థత ప్రార్థన గురించి అడిగారు. ప్రార్థన చేయండి, తప్పకుండా. ప్రార్థనకు జవాబు ఉందని నేను నమ్ముతాను. కానీ ఏం కోసం ప్రార్థించాలో ముందు ఆ తల్లిని అడగండి. చాలాసార్లు వాళ్లు అడిగేవి నిద్ర, బాత్రూమ్ అలవాటు, స్కూలు సీటు, అత్తగారితో ఒక మంచి మాట. వాటిని పక్కనపెట్టి "ఈ క్షణమే మాట వచ్చుగాక" అని అందరిముందూ అరిస్తే, మాట రానప్పుడు ఆ తల్లి విశ్వాసమే తప్పని తేలుస్తారు. పిల్లల తల మీద బలవంతంగా చేతులు ఉంచడం, దయ్యం పేరు ఎత్తడం మీ ఇంట్లో జరగనివ్వకండి, చేసేది ఎంత పెద్ద సేవకుడైనా సరే.

ఇంకో విషయంలో నేను చాలా గట్టిగా చెప్పాలి. ప్రార్థన అయ్యాక ఫిట్స్ మందు మానేయమని ఎవరైనా అంటే వాళ్లను మళ్లీ పిలవకండి. ఆ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నెల్లూరు పాపకు కూడికలోనే ఫిట్స్ రావచ్చు కాబట్టి అందరూ నేర్చుకోండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, టైము చూడాలి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు, గట్టిగా పట్టుకోవద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. అలాగే, గుంపు ఏర్పడిందని తెలియగానే వైద్యం అమ్ముకునేవాళ్లూ వస్తారు. ఆటిజంకు స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. లక్షలు పోసి ఇల్లు తాకట్టు పెట్టకముందే ఇది మీ గుంపులో అందరికీ తెలియాలి.

పిల్లల భద్రత గురించి రాయడం కష్టమే గాని రాయకుండా వదలలేను. ఇందాక చెప్పిన ఫెయిత్ అండ్ లైట్‌ను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు జాన్ వానియే. వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి బతికే లార్ష్ ఇళ్లను స్థాపించింది కూడా ఆయనే, లోకమంతా ఆయన్ను పరిశుద్ధుడిలా చూసింది. ఆయన 2019లో చనిపోయాడు. 2020లో లార్ష్ సంస్థే చేయించిన విచారణలో, ఆత్మీయ సలహా కోసం తన దగ్గరికి వచ్చిన స్త్రీలను ఆయన లైంగికంగా వాడుకున్నట్టు బయటపడింది. 2023 నివేదికలో వాళ్ల సంఖ్య కనీసం 25 అని తేలింది. ఆ సంస్థ దాన్ని దాచకుండా తానే ప్రకటించడం మనం నేర్చుకోవాల్సిన విషయం. మంచి పేరు చూసి ఎవరినీ తనిఖీ లేకుండా వదలకూడదు. మాట రాని పిల్లలు జరిగింది చెప్పలేరు. కాబట్టి ఒక పెద్దమనిషి ఒక పిల్లతో మూసిన గదిలో ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, బాత్రూమ్ సాయం తల్లిదండ్రులో, వాళ్లు ముందే చెప్పిన మనిషో మాత్రమే చేయాలి, అదీ తలుపు పూర్తిగా వేయకుండా. ఈ నియమం పాస్టర్ గారికీ, పీజీ కుర్రాళ్లకూ, రిటైరైన టీచరమ్మకూ ఒకటే. అనుమానం వస్తే సంఘంలోనే సర్దుకోవడం కుదరదు, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. 1098 నంబరు గోడ మీద రాసిపెట్టండి. పిల్లల ఫొటోలు ఎవరి స్టేటస్‌లోనూ కనిపించకూడదు.

అనంతపురం కుటుంబాన్ని పిలవండి, సందేహమే వద్దు. లార్ష్ కుటుంబంలో మన దేశంలో మొదటి ఇల్లు 1970లో ఈ బెంగళూరులోనే ఆశానికేతన్ పేరుతో మొదలైంది, అందులో వేర్వేరు మతాలవాళ్లు ఒకే కప్పు కింద ఉంటూ వచ్చారు. ఆమెతో నిజం చెప్పండి: మేం క్రైస్తవులం, ఒక పాట పాడతాం, ప్రార్థన చేస్తాం, బైబిలు కథ చెబుతాం, మీకు ఇష్టమైతే కూర్చోండి, ఆ పది నిమిషాలు వద్దనుకుంటే తర్వాత రండి. బాబును చూసుకునే సాయానికి ఏ షరతూ ఉండకూడదు. వాళ్ల బాబు కోసం వచ్చే ఇంటివాళ్లు కూడా ఈ మాటకు కట్టుబడేవాళ్లే అయి ఉండాలి. ఆమె అవసరాన్ని చూసి ఒత్తిడి పెడితే అది సువార్త కాదు. మీరు ముగ్గురూ థెరపీ సెంటర్ బెంచీ మీద స్నేహితులయ్యారు, ఆ స్నేహం ఏ పేరు పెట్టినా చెడిపోకూడదు.

మీవారి గురించి. మగవాళ్లను కూర్చోబెట్టి "మీ బాధ చెప్పండి" అంటే చాలామంది రెండోసారి రారు. పని ఇస్తే వస్తారు. మూడు ఇళ్ల కాగితాల పని ఆయనకు అప్పగించండి. వికలాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ అంటారు, మూడు ఇళ్లలో ఎవరికి ఉందో ఎవరికి లేదో చూడాలి, అది దేశమంతటా చెల్లుతుంది. పింఛను లాంటివి మాత్రం ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్న దాని మీద ఆధారపడతాయి కాబట్టి ఆధార్‌లో ఒంగోలు అడ్రసే ఉంచాలా, బెంగళూరుకు మార్చాలా అన్నది ఆలోచించి తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది, ముందు వైద్యపరీక్ష అడగరు. మీ ముగ్గురు పిల్లలూ దాని కిందికి వచ్చే అవకాశం ఉంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్లకు ఇలాంటి బిడ్డ ఉంటే 75,000 రూపాయలు, వైకల్యం తీవ్రమైతే 1,25,000 తగ్గింపు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 18 దాటాక మాత్రం కన్నవాళ్లు తమంతట తాముగా చట్టప్రకారం సంరక్షకులుగా కొనసాగరు, అవసరమైతే నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీ దగ్గర దరఖాస్తు పెట్టాలి. ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక, వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1959లో మొదలైన, లింగరాజపురంలోని ఏపీడీ సంస్థ, హోసూరు రోడ్డులో మెదడు, మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి పిల్లల విభాగం, ఈ మూడు చోట్లా ఆయన్ను ఒకసారి వెళ్లి కనుక్కు రమ్మనండి. మిగతా ఇద్దరు తండ్రులను వెంట తీసుకెళితే, వెళ్లే దారిలో వాళ్లే మాట్లాడుకుంటారు.

చివరిగా మీ పాప. ఉత్తరం మొత్తంలో ఆమె గురించి ఒకే వాక్యం ఉంది, నాన్నతో లోపల కూర్చుంటుందని. తమ్ముడైనా అన్నయ్యైనా, అతని వల్ల తాను వదులుకున్నవి ఆమెకు బాగా తెలుసు, మీకు కష్టం అవుతుందని పైకి అనదు. మూడో నెల మీకు దొరికే ఆ రెండు గంటల్లో మొదటిసారి మీవారితో వెళ్లండి, రెండోసారి పాపతో మీరొక్కరే వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో ఆమెనే చెప్పమనండి. శనివారం కూడికలో బాబును చూసుకునే పని ఆమెకు పెట్టకండి, దానికి మనుషులను పిలిచింది అందుకే. ఆమెకు ఆడుకోవడానికి మిగతా ఇళ్ల పిల్లలు ఉంటారు.